చండామార్కుల పాఠశాల

హిరణ్యకశిపుడు ముల్లోకములను జయించినవాడు. ఇంద్రుని సింహాసనము నధిష్ఠించి, దిక్పాలకులచే ఊడిగము చేయించుకొని, దేవతలకు చెందవలసిన హవిర్భాగములను సయితము తానే గ్రహించినవాడు. అంతటివానికిని జయింపవలసినది మరియొకటి మిగిలియుండెను. అది తన యింట పెరుగుచున్న అయిదేండ్ల పసివాని మనస్సు. దానిని లోబరచుకొనుటకై ఆతడు మొట్టమొదట పంపినది ఉపాధ్యాయులను. శుక్రాచార్యుని కుమారులైన చండామార్కులను రావించి, బాలుని వారి చేతులలో పెట్టి, తన రాజ్యమునకు తగిన కుమారునిగా దిద్ది తెండని యాజ్ఞాపించెను. ఏనుగులు, సర్పములు, విషము, అగ్ని, ఇవి యన్నియు పాఠశాల విఫలమైన పిదప వచ్చిన సాధనములే. పోతన భాగవతము మూలమున తెలుగువారి యిండ్లలో తరతరములుగా వినవచ్చుచున్న యీ కథను మనము భక్తికథగా మాత్రమే చదువుకొనుచు వచ్చితిమి. అది భక్తికథయే, కాని రాజ్యము బడిని ఏల కోరును, బడివలన రాజ్యము పొందగలిగినదేమి, పొందజాలనిదేమి యను ప్రశ్నను అంత సూటిగా వేసిన కథ మన వాఙ్మయమున మరియొకటి నాకు గోచరింపదు.

చండామార్కులు ప్రహ్లాదునకు నేర్పినవి అసత్యములని యెవ్వరును చెప్పజాలరు. నీతిశాస్త్రము లోకమునకు కావలసినదే; అర్థశాస్త్రమును కావలసినదే. ప్రహ్లాదుడు వానిని నిరాకరింపలేదు, శ్రద్ధతోనే అభ్యసించెను. అయితే ఆ చదువుల పరమప్రయోజన మేమి, వానిలో ఏది గ్రాహ్యము, ఏది హేయము అని నిర్ణయించు అధికారము తండ్రి సింహాసనమునకు చెందునను మాటను ఆ బాలుడు అంగీకరింపడయ్యెను. వివాదమంతయు అక్కడనే యున్నది. వలసపాలనలో మనకు లభించిన విద్యను గూర్చి నూరేండ్లకు పైబడి సాగుచున్న చర్చ, ఇంగ్లీషు మేలా తెలుగు మేలా, పాశ్చాత్యశాస్త్రములు గ్రాహ్యములా కావా యను తర్కములలో చిక్కుకొని, పలుమారు ఈ మూలమును తాకకయే తొలగిపోయినది. జ్ఞానమునకు దేశమేమి? ఆర్యభటుని సిద్ధాంతము అరబ్బుల దేశమునకు పోయినప్పుడు అక్కడివారు దానిచే బానిసలు కాలేదు. యవనుల జ్యోతిషము మనదేశమునకు వచ్చినప్పుడు మనమును కాలేదు. వరాహమిహిరుడు యవనులను జ్యోతిషమునందు ఋషులవలె పూజార్హులని గౌరవించినాడు గదా. పరుల విద్య నేర్చుకొనుట దాస్యము కానప్పుడు, 1835 తరువాత మన బాలురకు జరిగినదానిని దాస్యమని ఏల చెప్పవలసివచ్చినది?

దీనికి సమాధానము వెదకుటకు ముందు, ఇక్కడ అంతకు పూర్వము ఏమి యుండెనో చూడవలెను. ఆ కాలమును గూర్చి మనకు లభించిన సాక్ష్యము పాలకులదే యగుట విశేషము. చెన్నపట్నపు గవర్నరు సర్ థామస్ మన్రో 1822 జూన్ 25వ తేదీని ఒక మినిట్ (అధికారిక అభిప్రాయపత్రము) వ్రాసి, రాజధాని (ప్రెసిడెన్సీ)లోని ప్రతి జిల్లాయందును ఎన్ని బడులు కలవు, వానిలో ఏ యే కులముల బాలురు ఎందరు చదువుచున్నారు, ఏ పుస్తకములు చదువుచున్నారు అని కలెక్టర్లను విచారింప నియమించెను. వచ్చిన నివేదికలలో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపినది చదువదగినది. నేటి అనంతపురప్రాంతము అప్పటి బళ్లారిజిల్లాలోనిదే. ఆ జిల్లాలో 533 బడులును, 6,641 మంది విద్యార్థులును ఉండిరని ఆయన లెక్కతేల్చెను. అయిదవ యేట పిల్లవాని అక్షరాభ్యాసము జరుగును. పంతులును, బడిపిల్లలును ఇంటికి వచ్చి వినాయకుని యెదుట కూర్చుందురు. పంతులు పిల్లవాని వ్రేలు పట్టుకొని బియ్యములో దేవుని పేరు వ్రాయించును. మరునాటి ఉదయమునుండి బడి. ఆరుగంటలకే బడి మొదలగును. అందరికంటె ముందు వచ్చినవాని యరచేతిలో సరస్వతి పేరు గౌరవచిహ్నముగా వ్రాయుదురు, రెండవవానికి సున్న, మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ తరువాత వచ్చిన ప్రతివానికిని ఒక్కొక్కటి యెక్కువ. ఇసుకలో వ్రేలితో దిద్దుట, పిమ్మట తాటాకులపైనను కడితములపైనను వ్రాయుట, ఎక్కములు, వడ్డీలెక్కలు, ఉత్తరములు చదువుట, పురాణగ్రంథములను కంఠస్థము చేయుట — ఇది క్రమము. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పుచుందురు. చెన్నపట్నమునందలి అనాథబాలుర ఆశ్రమమున పనిచేసిన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు ఇట్టి బడినొకదానిని చూచి, ఇసుకలో వ్రాయించుటను, పిల్లలచే పిల్లలకు చెప్పించుటను తన ఆశ్రమమున ప్రవేశపెట్టి, 1797లో దానిని గూర్చి గ్రంథము ప్రకటించెను. మద్రాసు పద్ధతి యను పేరుతో అది ఇంగ్లండులోని బీదపిల్లల బడులకు వ్యాపించినది. మన వీథియరుగున పుట్టిన పద్ధతి వారి పిల్లలకు పనికివచ్చిన యా కాలముననే, ఇక్కడ ఆ యరుగులు పాడుపడ నారంభించినవి.

క్యాంబెల్ ఆ బడుల లోపములను దాచలేదు. అర్థము తెలియని కావ్యభాషను వల్లెవేయించుట వలన పిల్లవాడు చదివినదానిని గ్రహింపడని ఆయన నిష్కర్షగా వ్రాసెను, అది నిజమే. కాని అంతకంటె గొప్ప నిజమును కూడ ఆ నివేదికయందే వ్రాసెను. ఐరోపా బట్టలు వచ్చి సాలెవారి వృత్తి కుంగిపోయినది. సైన్యములు దూరపు సరిహద్దులకు తరలిపోయినవి. దేశములోని ధనము దేశములో తిరుగుట మానినది. మునుపు బడులున్న గ్రామములు పెక్కింటిలో ఇప్పుడు బడులు లేవు. ఉన్న 533లో ఒక్కదానికైనను ప్రభుత్వపు సాయము లేదని చెప్పుటకు తనకు సిగ్గగుచున్నదని ఆ యాంగ్లేయాధికారి తన పైవారికి తెలియజేసెను. ఆయనయెడ నాకు గౌరవము కలదు. 1826 మార్చిలో మన్రో అన్ని లెక్కలను క్రోడీకరించి, కోటి ఇరువదియెనిమిది లక్షల జనమునకు 12,498 బడులును, 1,88,650 మంది విద్యార్థులును కలరని తేల్చి, ఇండ్లలో చదువుకొనువారిని చేర్చినచో బాలురలో ఇంచుమించు మూడవవంతు చదువుచున్నారని అంచనా వేసెను. ఇది స్వర్ణయుగము కాదు. ఆ లెక్కలలో బాలికలు మిక్కిలి కొలదిమంది. అంటరానివారని వెలివేయబడినవారి పిల్లలకు ఆ యరుగులపై చోటు లేదు. ఆ విషయమును మరల ప్రస్తావింతును. ఇక్కడ గమనింపవలసిన దేమనగా, ఆ బడి మంచిదైనను చెడ్డదైనను ఊరు పెట్టుకొన్నది. దాని గుణదోషములను నిర్ణయించువాడు ఊరిలోనే యుండెను.

తరువాతి చరిత్ర చాలమందికి తెలిసినదే గావున క్లుప్తముగా చెప్పుదును. 1813 నాటి చార్టరు చట్టము విద్యకై ఏటేట లక్షరూపాయలు కేటాయించుమన్నది. ఆ లక్ష యే చదువునకు చెందవలెనను వివాదమున, 1835 ఫిబ్రవరి 2వ తేదీని మెకాలే తన మినిట్ సమర్పించెను. తనకు సంస్కృతము గాని అరబ్బీ గాని రాదని అందులోనే ఒప్పుకొని, ఆ వాఙ్మయములెల్ల ఐరోపా గ్రంథాలయమునందలి ఒక్క బీరువా అరకు సాటిరావని తీర్పు చెప్పెను. పాలకులకును కోట్లాది ప్రజలకును నడుమ దుబాసీలుగా నుండదగిన, రక్తమున భారతీయులును రుచిలో, అభిప్రాయములో, నీతిలో, బుద్ధిలో ఆంగ్లేయులును అగు ఒక వర్గమును తయారుచేయుట తమ లక్ష్యమని దాపరికము లేక ప్రకటించెను. మార్చి 7న బెంటింకు ప్రభువు దానిని ఆమోదించెను. 1844లో హార్డింజి ప్రభువు ప్రభుత్వోద్యోగములలో ఇంగ్లీషు చదివినవారికే ప్రాధాన్యమని ఉత్తరువు చేసెను. మెకాలే మినిట్‌ను నిందించుటలో మనము వెచ్చించిన కాలములో పదవవంతైనను ఈ ఉత్తరువును పరిశీలించుటలో వెచ్చింపలేదు. కాని మినిట్ ఒక యభిప్రాయము, ఉత్తరువు అన్నము. ఏ చదువునకు అన్నము కట్టివేయబడునో ఆ చదువు తలుపు మ్రోలకు తల్లిదండ్రులే తమ పిల్లలను ఎత్తుకొని పోవుదురు, ఎవ్వరును బలవంతము చేయనక్కరలేదు. 1854లో వుడ్ పంపిన విద్యాలేఖ, 1857లో లండన్ విశ్వవిద్యాలయపు నమూనాపై చెన్నపట్నమున ఏర్పడిన విశ్వవిద్యాలయము ఆ కట్టును మరింత బిగించినవి. ఆ విశ్వవిద్యాలయము తొలుత పాఠము చెప్పునది కాదు, పరీక్షలు పెట్టునది. ఒక దేశపు మేధావులందరు ఏది తెలిసినచో తెలిసినట్లు, ఏది తెలియకున్న తెలియనట్లు అని ముద్రవేయు యంత్రము అంతకుముందు మనకు లేదు.

మతప్రశ్న ఇందులో మొదటినుండియు పెనవేసికొని యున్నది. 1836లో మెకాలే తన తండ్రికి వ్రాసిన లేఖలో, తమ విద్యాప్రణాళిక సాగినచో ముప్పదియేండ్లలో వంగదేశపు గౌరవకుటుంబములలో విగ్రహారాధకుడొక్కడును మిగులడని, అదియు మతప్రచారము లేకయే, జ్ఞానవ్యాప్తి వలననే జరుగునని ఆశపడెను. 1846లో చెన్నపట్నపు గవర్నరు ట్వీడేల్ ప్రభువు ప్రభుత్వపాఠశాలలలో బైబిలును పాఠ్యగ్రంథముగా పెట్టవలెనని ప్రతిపాదించెను. దాని నెదిరించి నిలిచినవారిలో ముఖ్యుడు మన తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శ్రేష్ఠి. ‘క్రెసెంట్’ పత్రికను నడిపిన ఆ మహనీయుడు సభలు కూర్చి, మహజర్లు పంపి పోరాడగా, కంపెనీ డైరెక్టర్లు ఆ ప్రతిపాదనను త్రోసిపుచ్చిరి. మచిలీపట్నమున రాబర్టు నోబుల్ 1843లో స్థాపించిన మతపాఠశాలలో 1852లో ఇద్దరు అగ్రవర్ణ విద్యార్థులు క్రైస్తవము స్వీకరింపగా పట్టణమెల్ల అల్లకల్లోలమై, బడి యొక్కసారిగా ఖాళీయయ్యెను.

ఆనాటి పెద్దలు మతాంతరమే మహావిపత్తని భావించిరి. వారి దుఃఖమును నేను తక్కువ చేయను. అయినను, నూట డెబ్బది యేండ్ల తరువాత ఆలోచించి చూడగా, ఆ ఇద్దరు యువకులను గూర్చి నేను వేఱు విధముగ తలచుచున్నాను. తల్లిదండ్రుల కన్నీటిని, కులము వారి ఆగ్రహమును ఎదుర్కొని తనకు సత్యమని తోచినదానిని పట్టుకొన్నవాడు, ఆ సత్యము మనకు నచ్చినను నచ్చకున్నను, తన బుద్ధిని తాను వినియోగించుకొన్నవాడే. ప్రహ్లాదుడు చేసినదియు అంతకంటె వేఱు కాదు. నన్ను ఎక్కువ కలవరపెట్టునది, బడికి తిరిగివచ్చి, పరీక్షలలో కృతార్థులై, జందెము తీయక, తిలకము చెరపక, తాతతండ్రుల ధర్మముననే నిలిచియుండియు లోలోపల దానిని చూచి సిగ్గుపడినవారి సంగతి. వారి పిమ్మటి తరమువారు సిగ్గును విడిచి గర్వమును తెచ్చుకొనిరి. అయితే ఆ గర్వమునకు ఆధారమేమి? మాక్స్ ముల్లరు మెచ్చినాడు గనుక వేదము గొప్పది. షోపెన్‌హోవరు తలపై పెట్టుకొన్నాడు గనుక ఉపనిషత్తు గొప్పది. విల్సన్ భాషాంతరీకరించినాడు గనుక కాళిదాసు గొప్పవాడు. సిగ్గు ఏ న్యాయపీఠమునుండి వచ్చినదో గర్వమును ఆ పీఠమునుండియే వచ్చినది. తీర్పు మారినది, న్యాయాధిపతి మారలేదు. గుడులను కూల్చని, గ్రంథములను తగులబెట్టని, మతమును విడువుమని నోటితో చెప్పని పాఠశాల సాధించిన విజయమిది. హిరణ్యకశిపునికి లభింపనిది మెకాలేకు చాలవఱకు లభించెను.

ఈ స్థితిని వర్ణించుటకు మన దర్శనములలోనే పరికరములు కలవు. జ్ఞానము సత్యమని మనకు ఎట్లు తెలియును? మీమాంసకులు ప్రతి జ్ఞానమును స్వతఃప్రమాణమందురు. కలిగిన జ్ఞానము తనంతట తానే నమ్మదగినది. బాధకమైన మరియొక జ్ఞానము గాని, కారణదోషము గాని బయటపడినప్పుడే దానిని విడువవలెను. కుమారిలభట్టు ఈ వాదమును మిక్కిలి దృఢముగా నిలబెట్టెను. నైయాయికులు దీని నంగీకరింపరు. జ్ఞానపు ప్రామాణ్యము వెలుపలినుండి తేలవలసినదే. దూరమున కనబడినది నీరో ఎండమావియో దప్పికగొన్నవాడు పోయి త్రాగినప్పుడే నిశ్చయమగునని వారి మతము. వేయేండ్లు సాగిన యీ వాదములో ఎవరు గెలిచిరను మాట అటుండనిండు. ఇరువురికిని సమానమైన అంశము ఒకటి కలదు. మీమాంసకుని మతమున తీర్పు జ్ఞాతయొక్క జ్ఞానముననే యున్నది. నైయాయికుని మతమున వస్తువునందున్నది. మూడవవాడైన అధికారి చేతిలో, ఆతడు అధికారి యగుటచేతనే, తీర్పు ఉన్నదని ఇరువురిలో నొకడును చెప్పలేదు. ఆప్తవాక్యమును ప్రమాణముగా గైకొన్నవారు సయితము ఆప్తునకు లక్షణములు చెప్పిరి: ఆతడు విషయమును ఉన్నదున్నట్లు ఎరిగినవాడై యుండవలెను, దానిని చెప్పుటకు సద్బుద్ధి కలవాడై యుండవలెను. సంస్కృతము రాదని ఒప్పుకొన్నవాడు సంస్కృతవాఙ్మయమునకు ఆప్తుడు ఎట్లగును? వలసపాఠశాల మన బాలునకు అలవాటు చేసినది ఇట్టి పరతంత్రప్రామాణ్యమునే. దప్పిక తనది, నీరు తన యెదుటనున్నది. అయినను అది నీరని దొర సంతకము వచ్చువరకు వాడు దోసిలి పట్టడు.

హుగ్లీ కళాశాలలో కృష్ణచంద్ర భట్టాచార్యులు తన విద్యార్థులకు చెప్పిన ‘భావములలో స్వరాజ్యము’ అను ఉపన్యాసము ఈ విషయమున నేను చదివినవానిలో అత్యుత్తమమైనది. రాజకీయపు దాస్యము తెలియుచుండును, కావున బాధించును. భావదాస్యము తెలియదు, కావుననే అది లోతైనదని ఆయన చూపెను. పాతమనస్సు పోయి, దాని స్థానమున నీడవంటి మనస్సొకటి వచ్చి, అన్ని పనులను మనస్సువలెనే చేయుచుండును గాని సృష్టింపజాలదని ఆ తత్త్వవేత్త నిరూపించెను. ఆయన పాశ్చాత్యభావములను వర్జింపుమనలేదు. కాంటును ఆయన యంత శ్రద్ధతో మథించినవారు దేశమున అరుదు. మన భావములను వారి భావములతో ఎదురెదురుగా నిలిపి, పూర్ణమైన గౌరవముతో, పూర్ణమైన పరీక్షతో, మన యంతట మనము ఎంచుకొనుమని మాత్రమే ఆయన కోరెను.

అట్టి పరీక్షకు గురువే అనుమతి యిచ్చిన ఉదాహరణము మన యుపనిషత్తులలో కలదు. తైత్తిరీయశిక్షావల్లిలో, విద్య ముగించుకొని ఇల్లుచేరబోవు శిష్యునకు ఆచార్యుడు కర్తవ్యములెన్నో చెప్పి, నడుమ ఒకచోట, తమ నడవడిలో మంచివి ఏవి కలవో వానినే అనుసరింపవలెను గాని తక్కినవానిని కాదని హెచ్చరించును. ఏది మంచిదో ఏది కాదో నిర్ణయించువా డెవడు? ఆ వాక్యమున అది స్పష్టముగా లేదు గాని, ఆచార్యుడు అక్కడ ఉండడు. శిష్యుడు ఇంటికి పోవుచున్నాడు. కావున నిర్ణయించువాడు శిష్యుడే. తన నడవడిని తూచు త్రాసును శిష్యుని చేతికిచ్చి పంపు విద్యకును, గురుశిష్యుల నిరువురను పరీక్షాధికారి త్రాసులో కూర్చుండబెట్టు విద్యకును ఎంత యంతరము! ఛాందోగ్యమున నారదుడు వేదములు, ఇతిహాసపురాణములు, గణితము, నక్షత్రవిద్య మొదలుగా తాను చదివినవాని పట్టిక సనత్కుమారుని యెదుట వప్పగించి, ఇన్ని చదివియు శోకమును దాటలేకపోతినని విన్నవించుకొనును. పట్టిక నిడివికిని మనస్సు విడుదలకును సంబంధము లేదని ఆయనకు తెలిసినది. తెలిసినందుననే వచ్చి అడిగెను.

ఇంతవఱకు వచ్చి ఆగినచో నా మాట అర్ధసత్యమే యగును. ఆ ఉపనిషద్వాక్యము ఎవరి చెవిని పడుటకు అనుమతింపబడినది? ఆ త్రాసు ఎవరి చేతికి ఇయ్యబడినది? క్యాంబెల్ చూచిన బళ్లారి యరుగు బడి వెలుపల నిలిచి లోపలి పాఠమును వినుటకైనను నోచుకొనని బాలుడు ఊరూర నుండెను. వాని యనుభవము ప్రమాణము కాదని, వాని చూపు మైలయని, వాని మాట సాక్ష్యమునకు పనికిరాదని తీర్పుచెప్పినవారు సముద్రముదాటి వచ్చినవారు కారు. పరతంత్రప్రామాణ్యమును మెకాలే కనిపెట్టలేదు; మన యింటనే అది యుగములనుండి వాడుకలో నున్నది. అందుచేతనే అనేకులకు దొర బడి మొదటి తెరచిన తలుపుగా కనబడినది. ఒంగోలు ప్రాంతమున బాప్టిస్టు మిషనువారి బడులలో అక్షరములు దిద్దిన మాదిగబిడ్డల మనుమలను వలసవిద్య దాస్యమే కదా యని అడిగి చూడుడు. వారి సమాధానమును విను ఓపిక మనకు ఉండవలెను. మహారాష్ట్రమున జ్యోతిరావు ఫూలే 1848లో బాలికలకు బడి తెరచి, 1882లో హంటరు విద్యాసంఘము ముందర సాక్ష్యమిచ్చుచు, రైతు చెమటోడ్చి కట్టిన పన్నుతో పైవర్ణములవారి పిల్లలకే ఉన్నతవిద్య చెప్పించుచున్నారని ప్రభుత్వమునే నిలదీసెను. పైవారికి చెప్పినచో క్రిందివారికి అది యింకి దిగునన్న సిద్ధాంతము వట్టిదని ఆయన కన్నులార చూచెను. ఆయన వలసప్రభువుల విద్యను కోరినాడు, దాని వంచనను పట్టుకొన్నాడు; తీర్పును మాత్రము ఎవ్వరికిని, బ్రాహ్మణునకు గాని దొరకు గాని, అప్పగింపలేదు. భావస్వరాజ్యమునకు నేను ఆయన పేరును భట్టాచార్యుల పేరుకంటె ముందు చెప్పుదును.

నిజాము రాజ్యమున కథ వేఱు రంగుల నడచినది. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ యను ఒక భారతీయభాషలో ఉన్నతవిద్య చెప్పిన మొదటిది, అది గొప్పపనియే. కాని తెలంగాణపు తెలుగు బాలునకు ఉర్దూ ఇంటిభాష కాదు. 1921లో హైదరాబాదున జరిగిన సంఘసంస్కారసభలో తెలుగున మాటలాడబోయిన వకీలొకనిని గేలిచేసి కూర్చుండబెట్టుటయే ఆంధ్రజనసంఘపు పుట్టుకకు కారణమైనది. ఆ నగరముననే భాగ్యరెడ్డివర్మ 1910 మొదలుకొని అంటరానివారి పిల్లలకై తెలుగు బడులు నడపెను. తెల్లదొర లేనిచోట కూడ బడి పాలకుని చేతిసాధనము కాగలదనుటకును, వెలివేయబడినవారే తమ బడిని తాము పెట్టుకొనగలరనుటకును ఈ రాజ్యము సాక్ష్యము.

చండామార్కులు ఇంటిపనులపై వెళ్లిన వేళ ప్రహ్లాదుడు తోడి దానవబాలకులను చుట్టును కూర్చుండబెట్టుకొని తాను తెలిసికొన్నదానిని వారికి చెప్పెనని కథ. రాజమహేంద్రవరమున 1907 ఏప్రిలులో జరిగినది ఇట్టిదే. బిపినచంద్రపాలుడు వచ్చి ఉపన్యసించి పోయిన పిమ్మట, ప్రభుత్వ శిక్షణకళాశాల విద్యార్థులు వందేమాతరపతకములు ధరించి తరగతులకు వచ్చిరి. ప్రిన్సిపాలు మార్క్ హంటరు ఆగ్రహించెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావు బహిష్కృతుడయ్యెను. ఉపాధ్యాయులను తయారుచేయుటకై సర్కారు పెట్టిన కళాశాలనుండి వెడలగొట్టబడిన ఆ యువకుడు మరుసటి యేట ‘స్వరాజ్య’ పత్రిక వ్రాతకై చెరసాలకు పోయి, విడుదలయై వచ్చిన తరువాత దశాబ్దములపాటు గ్రంథాలయోద్యమమునకును వయోజనవిద్యకును జీవితము ధారపోసెను. పరీక్ష లేని, పట్టా లేని, వచ్చినవాడు తనకు కావలసినదానిని తానే యెంచుకొని చదువుకొను స్థలమును ఆయన ఊరూర కోరెను. 1910లో మచిలీపట్నమున కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగార్లు నెలకొల్పిన ఆంధ్రజాతీయకళాశాల మరియొక మార్గమును పట్టినది. అక్కడ వడ్రంగము, నేత, చిత్రలేఖనము పుస్తకవిద్యతో సమానపీఠము నందినవి. హనుమంతరావుగారు వకీలు వృత్తిని కాదని తన యాయువును దానికే అర్పించెను. ఆ కళాశాలకు ధనము కొరవడినదనుట నిజమే గాని, దానిని ఎక్కువగా కుంగదీసినది 1844 నాటి ఉత్తరువు స్వభావమే: అక్కడ చదివినవానికి సర్కారు కొలువులో విలువ లేదు, కొలువు లేనిచో కుటుంబము గడువదు. ఇప్పుడు కూలిపని చేసికొను తల్లి తన బిడ్డను ఇంగ్లీషు మాధ్యమపు బడికే పంపుదునని పట్టుపట్టినచో, ఆమెను భాషాద్రోహి యని నిందింప నాకు నోరాడదు. అన్నము ఎక్కడ కట్టబడియున్నదో ఆమెకు మనకంటె బాగుగ తెలియును. ముడిని విప్పవలసినవారు ముడివేసినవారును, ఆ ముడివలన లాభము పొందుచున్నవారును గాని ఆమె కాదు.

మన చేతిలోనే యున్న ముడి యొకటి కలదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండిన గిడుగు రామమూర్తిగారు కొండసవరల భాషను పట్టుదలతో నేర్చి, ఆ భాషకు వాచకములు సమకూర్చి, సొంత ఖర్చుపై సవరపిల్లలకు బడులు పెట్టిరి. తరువాత 1931లో వారి సవరవ్యాకరణము, 1938లో నిఘంటువు వెలువడినవి. ముందు తాను శిష్యుడై, పిమ్మట గురువగుట ఆయన క్రమము. ఆదిలాబాదు అడవులలో గోండు నాయకుడు కొమరం భీము మరణించిన తరువాత, 1943లో మార్లవాయి గ్రామమున మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ ప్రోద్బలమున గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము ఏర్పడి గోండీ వాచకములు తయారైనవి. ఈ శతాబ్దపు తొలి దశకమున సవర, కోయ, గోండీ, కొలామీ మొదలైన భాషలలో బాలశిక్షకు సర్కారే పూనుకొన్నది. అయినను నేటికిని సీతంపేట కొండలకు బదిలీపై పోవు ఉపాధ్యాయులలో సవర ఎరిగినవారు కొలదిమందియే. మొదటి తరగతిలోని సవరపిల్ల తన యింటిమాటతో సమాధానము చెప్పినప్పుడు అది తప్పని ఎఱ్ఱసిరాతో గీటుపెట్టు చేయి తెలుగుచేయి. కొండమీది బడికి నియమింపబడు ప్రతి యుపాధ్యాయుడును ముందుగా ఒక యేడాది ఆ గూడెముననే యుండి ఆ భాషను నేర్చి, అందులో పరీక్ష యిచ్చిన పిమ్మటనే పాఠము చెప్పవలెనని, ఆ పరీక్షను తీసికొనువారు గూడెపు పెద్దలే కావలెనని ఉపాధ్యాయశిక్షణ నిబంధనలలో చేర్చుటకు క్రొత్త చట్టమేదియు అక్కరలేదు. జీతమిచ్చి ఆ యేడాది కాలమును వారికి కేటాయింప సర్కారు సిద్ధపడినచో, రాబోవు వేసవి బదిలీలనుండియే దీనిని ఆరంభింపవచ్చును.